వీపుకు చెప్పిన మాటలు

మరో పిడి పగిలింది.

త్రినాథరావు సుత్తి పక్కన పెట్టి కత్తిని వెలుతురుకు ఎత్తి చూశాడు. చివరి రివిట్టు దగ్గర మొదలైన చీలిక శీసం చెక్క నార వెంబడి పిడి కొసదాకా పాకింది. వెంట్రుకంత గీత. కొనేవాళ్ళకు కనపడకపోవచ్చు గాని, కొన్నాళ్ళు నీళ్ళలో నాని ఎండిందంటే నోరు తెరుస్తుంది. కత్తిని మూలనున్న రేకు డబ్బాలోకి విసిరేశాడు. అది వెళ్ళి పగిలిన మిగతా కత్తుల మీద పడిన చప్పుడు ఇంట్లో వంట చేసుకుంటున్న అతని భార్య దుర్గాదేవికి వినపడింది. అతనికి వినపడలేదు.

త్రినాథరావు భిలాయి స్టీల్ ప్లాంటులో ఫోర్జ్ షాపు మనిషి. కుర్రతనంలో బొబ్బిలి వైపు నుంచి వచ్చి చేరి, ఎర్రగా కాలిన ఇనప దిమ్మల మీద పెద్ద సుత్తి దిగే చోట ఉద్యోగమంతా గడిపాడు. చెవులు కొద్దికొద్దిగా పోయాయి. మొదట పిట్టల కూతలు, తర్వాత పాలవాడి కేక, ఆఖరికి మనుషుల మాటలు. తొంభై ఐదులో డాక్టర్లు పరీక్షలు చేసి, ఇక షాపులోకి వెళ్ళొద్దన్నారు. ఇంకా సర్వీసు మిగిలి ఉండగానే ఉద్యోగం మానుకుని ఇంటికి వచ్చేశాడు. చెవికి పెట్టుకునే మిషను ఒకటి ఇచ్చారు. పెట్టుకుంటే ఈల తప్ప ఇంకేమీ రావడం లేదని దాన్ని అలమారులో పడేశాడు. అది లేకపోయినా రోజులు గడిచిపోయాయి. ఫోర్జ్ షాపులో చెవులు బాగున్నవాడికి కూడా ఒకరి మాట వినపడదు. అక్కడివాళ్ళందరూ పెదాలు చూసి మాట తెలుసుకోవడం నేర్చుకుంటారు. ఎదురుగా నిలబడి మాట్లాడితే త్రినాథరావుకు తెలుగైనా హిందీ అయినా చాలావరకు అర్థమవుతుంది. మొహం పక్కకు తిప్పేసుకుంటే ఏమీ లేదు.

క్యాంప్ టూ బస్తీలో వాళ్ళ ఇంటి వెనక చిన్న రేకుల పాక ఉంది. ఇదివరకు ఆదివారాలు సరదాకు కత్తులు చేసుకునే చోటు అది. ఉద్యోగం మానేశాక రోజంతా అక్కడే. హథ్‌ఖోజ్ తుక్కు కొట్లలో లారీ కమాను పట్టీలు ఏరి తెచ్చుకునేవాడు. వాటిని కోసి, కాల్చి, సాగగొట్టి, నీళ్ళు పట్టి, చేపలు కోసేవీ మాంసం కొట్టేవీ కూరలు తరిగేవీ చేసేవాడు. కత్తులు చేసేవాళ్ళు భిలాయిలో ఇంకా ఉన్నారు. కానీ త్రినాథరావు కత్తిని పిడి చూసి పోల్చుకునేవారు. మిగతావాళ్ళు రివిట్టు తలను ఆకురాయితో రాసి చెక్కతో సమానం చేసేస్తారు. ఇతను అలా చేయడు. పిడికి మూడు ఇత్తడి రివిట్లు, ప్రతి రివిట్టుకూ రెండు వైపులా శనగబద్దంత గుండ్రటి బొడిపె. పవర్ హౌస్ బజారులో చేపలమ్మే ఆడవాళ్ళు, తడి చేత్తో పట్టుకున్నా ఆ బొడిపెలు వేళ్ళకు తగిలి కత్తి జారదనేవారు. కొందరికి అవి మెరుస్తాయనే ఇష్టం.

ఆ బొడిపె బిగించడమే కష్టం. పిడికి అటూ ఇటూ వచ్చే చెక్కల్లోంచి, వాటి మధ్యనున్న కత్తి తోకలోంచి బరమాతో కన్నం వేయాలి. ఒకవైపు బొడిపె ముందే దిద్ది పెట్టుకున్న ఇత్తడి ఊసను అందులో దూర్చాలి. ఆ బొడిపె నలిగిపోకుండా గుంట ఉన్న ఉక్కు దిమ్మలో కూర్చోబెట్టి, రెండోవైపు పైకి వచ్చిన కొసను చిన్న సుత్తితో చుట్టూ తడుతూ పరచాలి. చివర్న గుంట పంచ్ పెట్టి కొడితే అటు కూడా బొడిపె లేస్తుంది. కొట్టేకొద్దీ లోపల ఇత్తడి లావెక్కి కన్నాన్ని నింపుతుంది. నిండేదాకా చప్పుడు మొద్దుగా ఉంటుంది. నిండగానే ఖంగుమంటుంది. అక్కడ ఆపాలి. ఇంకొక్క దెబ్బ పడిందా, చెక్క చీలుతుంది. ఒక దెబ్బ తగ్గిందా, రివిట్టు వదులై నెల తిరక్కుండా ఊగుతుంది.

ఆ ఖంగుమనడం త్రినాథరావుకు అందడం మానేసింది. వేలికొసలతో పట్టుకుందామని చూశాడు. ఎడమచేతి బొటనవేలు పిడికి ఆనించి కొట్టాడు. కళ్ళు మూసుకుని కొట్టాడు. ఎలా కొట్టినా రెండిటికొకటి పగులుతూనే ఉంది.

ఆ మధ్యాహ్నం దుర్గాదేవి పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని పాకలోకి వచ్చింది. అతని వెనక ఉన్న ముక్కాలి పీట మీద కూర్చుని అరచెయ్యి అతని భుజం మీద వేసింది. అతను ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"ఏటి?"

కొట్టమన్నట్టు ఆమె గడ్డం ఎగరేసింది. అతను అనుమానంగానే కొత్త పిడి పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. ఒకచోట ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది. ఆపాడు. పిడి తిప్పి చూశాడు. చీలిక లేదు. లాగి చూశాడు, రివిట్టు కదల్లేదు. బొడిపె చెక్క మీద ఆకు మీద నీటిబొట్టులా కూర్చుంది. రెండోదీ అలాగే వచ్చింది. మూడోదీ.

"నీకెలగ తెలిసినాది?" అన్నాడు వెనక్కి తిరిగి.

"పెల్లైనకాడినుంచీ ఇదే సప్పుడు ఇంటన్నాను. తెలీదేటి?"

చాలా కాలం తర్వాత ఆమె అతనితో అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడింది అప్పుడే.

వాళ్ళకు ఒక్కతే కూతురు, అరుణజ్యోతి. ఇంట్లో జ్యోతి. చిన్నప్పుడు ఆదివారాలు తండ్రి పక్కన కూర్చుని, తయారైన కత్తుల బొడిపెలు చింతపండు, బూడిద పెట్టి తోమేది. కాలేజీలో ఉండగా సుభాష్ అనే కుర్రవాడు పరిచయమయ్యాడు. అతనిది చరోదా రైల్వే కాలనీ. తాత నాడే విజయనగరం నుంచి రైల్వే పనికి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. తెలుగువాళ్ళే గాని చర్చికి వెళ్ళేవాళ్ళు. అతను లోకో షెడ్డులో ఫిట్టరు. త్రినాథరావు ఒప్పుకోలేదు. జ్యోతి వెళ్ళిపోయి పెళ్ళి చేసుకుంది.

"నా కూతురు సచ్చిపోయినాది. ఈ ఇంట్లో దాని పేరు ఎత్తకండి" అన్నాడు త్రినాథరావు.

ఏడాది తిరిగేసరికి ఆ మాట నిజమైంది. ఆడపిల్లను కన్నాక పచ్చకామెర్లు ముదిరి జ్యోతి చనిపోయింది. సుభాష్ స్నేహితుడు కబురు తెచ్చి గుమ్మంలో నిలబడి చెప్పాడు. త్రినాథరావు అతని పెదాలు చూస్తూ ఆఖరిదాకా విన్నాడు. తర్వాత డ్యూటీ బట్టలు వేసుకుని సెకండ్ షిఫ్టుకు వెళ్ళిపోయాడు. దుర్గాదేవి పక్కింటి పోలమ్మను తోడు తీసుకుని చరోదా వెళ్ళి, కూతుర్ని మట్టిలో పెట్టడం చూసి వచ్చింది. స్నానం చేసి వంట చేసింది. షిఫ్టు దిగి వచ్చిన మొగుడికి వడ్డించింది. అతను తిన్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ తర్వాత అనకపోవడమే అలవాటైంది. బియ్యం అయిపోయాయి, నీళ్ళు వచ్చాయి, తలుపు వెయ్యి. ఇంట్లో మాటలంటే అంతే.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం దుర్గాదేవి పీట మీద కూర్చుని అతని భుజం మీద చెయ్యి వేసేది. కొన్నాళ్ళు నోరు విప్పకుండానే కూర్చుంది. ఒకరోజు పొరపాటున, "పంపు ఒచ్చే యేళయినాది, తొరగా కానీ" అని పైకే అంది. సుత్తి ఆగలేదు. అతని మెడ కదల్లేదు. ఇక్కడ కూర్చుని తను ఏమన్నా ఈ మనిషికి తెలియదని ఆమెకు అప్పుడే తట్టింది.

మర్నాడు ఆమె "జ్యోతీ" అని పిలిచింది. గట్టిగానే పిలిచింది. ఆ ఇంట్లో ఆ పేరు వినపడి ఎన్నాళ్ళో అయింది. సుత్తి అదే వరసన పడుతూ ఉంది.

"నాను ఎల్లేసరికి దాని మొకమంతా పసుపు రాసినట్టుంది" అని మొదలుపెట్టింది దుర్గాదేవి. "పెల్లికూతురికి రాస్తారు సూడు, అలగ. మనం రాయనేదు గదా. దేవుడు రాసీసినాడు."

ఖంగుమంది. చెయ్యి నొక్కింది. అతను ఆగి, ఇంకో రివిట్టు దూర్చాడు.

"నువ్వు రానేదు. షిఫ్టుకెల్లినావు. అందరూ అడిగినారు, తండ్రేడీ, తండ్రేడీ అని. ఏటి సెప్తాను? ఒంట్లో బాగోనేదన్నాను. నీ కోసం కాదు. దాని పరువు కోసం సెప్పినాను."

అలా రోజూ చెప్పింది. చెప్పినవే మళ్ళీ చెప్పింది. గురువారాలు గుడికని చెప్పి తను పవర్ హౌస్‌లో టెంపో ఎక్కి చరోదా వెళ్తున్నానని చెప్పింది. మనవరాలికి చర్చిలో ఏదో పేరు పెట్టారు గాని అందరూ బేబీ అనే పిలుస్తారని చెప్పింది.

"దానికి నీ ముక్కే ఒచ్చినాది. పాపం, ఆడపిల్లకి. తెలుగు ఒక్క ముక్క రాదు. నన్ను నానీ అంటాది. అమ్మమ్మ అనవే అంటే నవ్వుతాది. మొన్న నా కొంగు పట్టుకుని ఒదల్నేదు. ఆ ముసిలామె, సుభాష్ అమ్మ, ఆమెకి మోకాల్లు నొప్పులు, పిల్లెనకాల పరిగెట్టలేకపోతంది. నాను తెచ్చుకుని పెంచుదును. ఎలగ తెస్తాను? నీకు ఎలగ సెప్తాను?"

త్రినాథరావుకు మెడ వెనక ఆమె ఊపిరి వెచ్చగా తగిలేది. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తే ఆమె పెదాలు ఇంకా కదులుతూ ఉన్నాయి, చప్పున ఆగిపోయాయి.

"ఏటి, జపమా?" అన్నాడు.

ఆమె తల ఊపింది.

"మంచిదే" అని మళ్ళీ పనిలో పడ్డాడు.

ఆ నెలలు అతనికి బాగున్నాయి. పిడులు పగలడం ఆగిపోయింది. బజారులో ఆడవాళ్ళు మళ్ళీ అడగడం మొదలుపెట్టారు. రాయ్‌పూర్ నుంచి ఒక మటన్ కొట్టాయన వచ్చి మరీ చేయించుకుని వెళ్ళాడు. భార్య రోజూ వచ్చి పక్కన కూర్చుంటున్నది, చెయ్యి వేస్తున్నది. ఆమె మనసు కరిగిందనుకున్నాడు. జరిగిందేదో జరిగింది, ముసలితనంలో ఇద్దరం ఒకటయ్యాం అనుకున్నాడు. ఒక సాయంత్రం బజారు నుంచి ఆమెకు మల్లెపూలు కూడా తెచ్చాడు. ఆమె వాటిని తీసుకుని దేవుడి పటానికి పెట్టేసింది.

పోలమ్మది పక్కిల్లు. పవర్ హౌస్‌లో చేపలమ్ముతుంది. మధ్యాహ్నం ఇంటికి వచ్చి నడుం వాల్చే వేళకు గోడవతల నుంచి ఈ మాటలన్నీ వినపడేవి. ఆమె ఒకసారి దుర్గాదేవిని పట్టుకుని అడిగింది.

"ఎదర కూకుని సెప్పొచ్చు గదా వదినా."

"ఎదర సెప్తే లేసి ఎల్లిపోతాడు" అంది దుర్గాదేవి.

తొంభై ఏడు వానాకాలం ముందు, ఒక గురువారం ఆమె చరోదా వెళ్ళేసరికి సుభాష్ ఇంట్లో సామాన్లు కడుతున్నాడు. ఆమెను చూసి కుర్చీ వేశాడు.

"అమ్మా, ట్రాన్స్‌ఫర్ మంజూర్ అయిపోయింది. వాల్తేరుకి" అన్నాడు. "మా అమ్మకి ఇంక అవట్లేదు, మీరే చూస్తున్నారు కదా. అక్కడ మా దీదీ ఉంది. బేబీని చూసుకుంటానంది. నేనే అప్లై చేశాను. మీకు ముందే చెప్పాల్సింది. చెప్పడానికి హిమ్మత్ కాలేదు."

"ఎప్పుడు బాబూ?"

"ఆదివారం. సాయంత్రం లోకల్‌కి రాయ్‌పూర్ వెళ్ళి అక్కడ వాల్తేరు బండి ఎక్కేస్తాం."

బేబీ తాడుతో కట్టిన పరుపు చుట్ట మీద ఎక్కి దూకుతోంది. దుర్గాదేవి టీ తాగకుండానే లేచి వచ్చేసింది.

ఆ రాత్రి అన్నం దగ్గర ఆమె అతనికి ఎదురుగా కూర్చుంది. అతను తలెత్తేదాకా ఆగి, పెదాలు స్పష్టంగా కదుపుతూ, "జ్యోతి కూతురు..." అంది.

త్రినాథరావు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఒక్క క్షణం ఆమెను చూశాడు. చూపు తిప్పుకుని లేచి, సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. తిరిగి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

శుక్ర, శనివారాలు ఆమె పాకలోకి వెళ్ళలేదు. ఆదివారం భోజనాలయ్యాక వెళ్ళింది. అతను పోలమ్మ కోసం కొత్త చేపల కత్తికి రివిట్లు బిగిస్తున్నాడు. ఆమె పీట మీద కూర్చుంది. చెయ్యి వేసింది.

"మావా" అంది. కొత్తగా కాపరానికి వచ్చినప్పుడు అతన్ని అలా పిలిచేది. జ్యోతి వెళ్ళిపోయాక ఆ పిలుపు మానేసింది. "మావా, ఈ యేళే ఎల్లిపోతన్నారు. మల్లా సూస్తామో సూడమో. ఒక్కపాలి రా. నువ్వేటీ అనక్కర్నేదు. దాన్ని ఎత్తుకోనక్కర్నేదు. దూరంగా నిలబడి సూసి ఒచ్చీ. దానికి తల్లి నేదు. తల్లి తరుపున ఒక మగాడైనా నేడు. రా మావా..."

చప్పుడు మారింది. ఖంగుమంది. ఇంకొకసారి ఖంగుమంది. ఆమె చెయ్యి అతని భుజం మీద ఊరికే పడి ఉంది. ఇంకొక దెబ్బ పడింది, చెక్క చీలింది. ఈసారి గీత కాదు. ముక్క లేచి ఎగిరి పడింది.

త్రినాథరావు గిర్రున తిరిగాడు.

"నిద్దరోతన్నావేటి? కూకోడమెందుకు, మనసు ఇంకెక్కడో ఎట్టుకుని? ఎల్లు! ఎల్లి నీ జపమేదో ఇంట్లో సేసుకో!"

ఆమె మొహం తడిసి ఉంది. తన కేకకు ఏడ్చిందనుకున్నాడు. కొంచెం జాలిపడ్డాడు కూడా. ఆమె లేచి లోపలికి వెళ్ళి, మంచి చీర కట్టుకుని, వీధి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

కాసేపటికి పోలమ్మ తన కత్తి కోసం వచ్చింది. పగిలిన పిడిని చూసింది. ఖాళీగా ఉన్న పీటను చూసింది.

"వదినేదీ, అన్నా?"

"ఎటో ఎల్లినాది. ఓ మాటన్నానని కోపం."

పోలమ్మ అటూ ఇటూ చూసి, వచ్చి అతనికి ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుంది.

"అన్నా, నా మూతికేసి సూడు. మొకం తిప్పీకు. వదిన చరోదా టేసనుకెల్లినాది. నీ మనవరాలు ఊరొదిలి ఎల్లిపోతంది. ఆమె అక్కడికెల్లినాది."

త్రినాథరావు లేవబోయాడు. పోలమ్మ అతని మోకాలు పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఆమె సేసినాది జపమనుకుంటన్నావా? నీ ఈపుకి సెప్పుకున్నాది. జ్యోతి సంగతి, పిల్ల సంగతి, నీ సంగతి. రోజూ సెప్పుకున్నాది. నాను ఇన్నాను. ఈ లైనంతా ఇన్నాది. నువ్వొక్కడివే ఇన్నేదు."

అతను పగిలిన పిడిని బల్ల మీద పెట్టాడు.

"ఎన్నాల్లబట్టి?" అన్నాడు.

"నీ కత్తులు బాగా ఒస్తన్నాయి సూడు, అన్నాల్లబట్టి."

త్రినాథరావు బనీను మీద చొక్కా తగిలించుకుని వీధిలోకి వచ్చాడు. గుండీలు కూడా పెట్టుకోలేదు. పవర్ హౌస్ దాకా నడిచి, చరోదా వైపు వెళ్ళే టెంపో ఎక్కాడు. చేతులకు ఇత్తడి పొడి అంటుకునే ఉంది. దారంతా మోకాళ్ళ మీద రుద్దుకుంటూ కూర్చున్నాడు.

చరోదా స్టేషనులో జనం పెద్దగా లేరు. ప్లాట్‌ఫారం చివర వేపచెట్టు కింద రెండు ట్రంకుపెట్టెలు, పరుపు చుట్ట, బకెట్టులో సర్దిన గిన్నెలు. ఒక పెట్టె మీద సుభాష్ తల్లి కూర్చుని ఉంది. సుభాష్ చంకలో పిల్ల. దుర్గాదేవి ఆ పిల్ల పాదం ఒకటి చేతిలో పట్టుకుని నిలబడింది. అందరికంటే ముందు త్రినాథరావును సుభాష్ చూశాడు. అతని మొహం బిగుసుకుంది. దుర్గాదేవి తిరిగి చూసింది గాని, పిల్ల పాదం వదల్లేదు.

త్రినాథరావు దగ్గరకు వచ్చాడు. పిల్లను చూశాడు. ముక్కు తనదే.

"ఇదేనేటి?" అన్నాడు.

తన గొంతు ఎంత పెద్దగా వస్తున్నదో అతనికి తెలియదు. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్ళందరూ తిరిగి చూశారు. బేబీ బెదిరి తండ్రి భుజంలో మొహం దాచుకుంది.

"నీ పేరేటి? ఏటమ్మా నీ పేరు?"

పిల్ల పలకలేదనుకుని ఇంకా గట్టిగా అడిగాడు. పిల్ల వీపు ఎగిరెగిరి పడింది. ఏడుస్తోందని అప్పుడు తెలిసింది. తండ్రి మెడలోకి ఏదో చెప్తోంది. ఆ పెదాలు అతనికి కనపడటం లేదు. అటువైపు తిరిగి చూడబోయాడు. పిల్ల మొహం ఇటు తిప్పేసుకుంది.

"మామయ్యా" అన్నాడు సుభాష్, అతనికి కనపడేలా నిలబడి. "దానికి తెలుగు రాదు. కొంచెం ఆహిస్తా మాట్లాడండి. భయపడుతోంది."

త్రినాథరావు తల ఊపాడు. గొంతు తగ్గించాడు. ఎంత తగ్గించాలో తెలియక అసలు లేకుండా తగ్గించాడు. పెదాలు మాత్రమే కదిలాయి. బేబీ ఒక కన్ను పైకెత్తి, ఎదురుగా నిలబడి చప్పుడు లేకుండా నోరు కదుపుతున్న ముసలాయన్ని చూసింది. మళ్ళీ మొహం దాచేసుకుంది. అతను ఏమన్నాడో దుర్గాదేవికి కూడా తెలియలేదు.

లోకల్ వచ్చింది. పెట్టెలు ఎక్కించడానికి త్రినాథరావు వంగాడు. "ఉండనివ్వండి" అని సుభాష్ తనే ఎక్కించుకున్నాడు. పొగరుగా కాదు, మర్యాదగానే అన్నాడు. దుర్గాదేవి కిటికీలోంచి చెయ్యి పెట్టి పిల్ల తల నిమిరింది. బండి కదిలి ఆ చెయ్యి జారిపోయేదాకా నిమురుతూనే ఉంది.

ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యాక అతను అడిగాడు.

"బుజం మీద తలెట్టుకుని ఏదో అన్నాది గదా. ఏటన్నాది?"

దుర్గాదేవి అతని మొహంలోకి చూసింది. ఏదో ఒకటి చెప్పేయవచ్చు. అతనికి తెలిసే దారి లేదు.

"ఈ ముసిలాయన్ని పంపించీ నాన్నా, అన్నాది" అంది.

ఇద్దరూ ఒకే టెంపోలో ఇంటికి వచ్చారు.

మర్నాడు త్రినాథరావు ముక్కాలి పీటను తెచ్చి తనకు ఎదురుగా వేశాడు. ఆమెను పిలిచి కూర్చోమన్నాడు.

"సెప్పు. మొదటినుంచీ సెప్పు. ఇప్పుడు ఇంటాను."

ఆమె కూర్చోలేదు.

"నీ ఈపుకి అంతా సెప్పీసినాను" అంది. "ఇంక నా దగ్గరేటీ నేదు."

ఆ తర్వాత ఆమె పాకలోకి రావడం మానేసింది. అతను పిలవలేదు. ఒక్కడే కూర్చుని కొట్టాడు, పిడులు పగలగొట్టాడు. వానలు మొదలయ్యాక బొడిపెలు మానేసి అందరిలాగే రివిట్లు చదును చేసి ఇవ్వడం మొదలుపెట్టాడు. పాత గిరాకీ ఆడవాళ్ళు పిడి తడిమి చూసి, "ఇది నీదేనా త్రినాథా?" అని అడిగేవారు. నాదే అనేవాడు.

ఒకరోజు వాన జోరుగా పడుతుండగా దుర్గాదేవి తడిబట్టలు ఆరేయడానికి పాకలోకి వచ్చింది. అతను ఆమెకు వీపు చూపించి, పనేమీ చేయకుండా కూర్చుని ఉన్నాడు. ఆమె వచ్చినట్టు అతనికి ఎలా తెలిసిందో. వెనక్కి తిరగకుండానే మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఆ యేళ షిఫ్టుకెల్లినాను. అవును, ఎల్లినాను. ఇంట్లో ఉంటే నువ్వు సూస్తావని ఎల్లినాను. సుత్తి దగ్గర నిలబడి షిఫ్టు దిగిందాకా ఏడిసినాను. నోరు పెట్టి ఏడిసినాను. జ్యోతీ, జ్యోతీ అని అరిసినాను. ఆ సప్పుడులో ఎవుడికి ఇనపడతాది? పక్కనోడు నా మొకం సూసి, కంట్లో ఏదో పడినాదనుకుని నీల్లు తెచ్చిచ్చినాడు. కడుక్కున్నాను. ఇంటికొచ్చి నువ్వు పెట్టింది తిన్నాను. దాన్ని మట్టిలో పెట్టొచ్చిన సేత్తో నువ్వు పెడతన్నావని తెలుసు. తెలిసే తిన్నాను. నీకు ఏటి సెప్పాలో తెలీక తిన్నాను."

రేకుల మీద వాన పెద్ద చప్పుడు చేస్తోంది. దుర్గాదేవికి కొన్ని మాటలు వినపడ్డాయి, కొన్ని పడలేదు. తడిబట్టలు గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది. అతను చెప్పడం ఆపి వెనక్కి తిరిగాడు. ఆమె ఏదో అంటోంది గాని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఏమంటున్నదో అతనికి తెలియలేదు. కొంగు తీయమని అడగలేదు.

దసరాకు దుర్గాదేవి వాల్తేరు వెళ్ళింది. సుభాష్ రమ్మని కబురు పంపాడు. త్రినాథరావు సంచి మోసుకుని ఆమెతో రాయ్‌పూర్ దాకా వెళ్ళి, పాసింజరులో కిటికీ పక్కన సీటు పట్టి కూర్చోబెట్టాడు. కిందకు దిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"నాను కూడా రానా?" అన్నాడు.

"ఇప్పుడొద్దు. అది బెదిరిపోతాది" అంది ఆమె, అతనికి తెలిసేలా మెల్లగా. "ముందు నాను ఎల్లి నీ సంగతి సెప్తాను. తాత గట్టిగా అరుస్తాడు గాని కోపం కాదు, ఆయనకి ఇనపడదు, అని సెప్తాను. అర్దమైతే అప్పుడు సూద్దాం."

"అర్దం కాపోతే?"

ఆమె సంచిలోంచి మంచినీళ్ళ సీసా తీసి పక్కన పెట్టుకుంది. బండి కదిలింది.

ఆమె తిరిగి వచ్చేదాకా త్రినాథరావు ఒక్క రివిట్టు కూడా బిగించలేదు. రోజూ పొద్దున్నే పాకలో కూర్చుని పట్టీలు కోశాడు, నీళ్ళు పట్టాడు, చెక్కలు నున్న చేశాడు, బరమాతో కన్నాలు వేశాడు. అలా తయారైన కత్తులను ఒకదాని పక్కన ఒకటి బల్ల మీద పెట్టి, తుప్పు పట్టకుండా నూనె గుడ్డ కప్పి ఉంచాడు.